ఇంజనుకి శంఖం

మా ఆవిడ పోయిన మూడో ఏట, స్నానాలకి నీళ్ళు కాచే రాగి కాగుని భుజాన వేసుకుని వీధి చివరికి మోసుకెళ్ళి, కంచరి అప్పలసూరి ముందు దింపి, "దీన్ని సాగగొట్టి రేకు చేసిపెట్టు" అన్నాను.

అప్పలసూరిది ఇత్తడిపనికి పేరుపడ్డ బుడితి. విజయనగరంలో మా వీధి చివర కొలిమి పెట్టుకుని పాతికేళ్ళయింది. కాగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, నన్ను కూడా అలాగే చూశాడు.

"రేకేటి బాబూ? బంగారం లాంటి కాగు. సొట్టుంటే సెప్పండి, తీసెత్తాను. సిల్లుంటే సెప్పండి, మాటేత్తాను."

"సొట్టు లేదు, చిల్లు లేదు. నీళ్ళు కాచే మనిషే లేదు. నేను చన్నీళ్ళతో సరిపెట్టుకుంటాను. ఈ రాగి కారుకి కావాలి."

"కారుకి నీలు కాత్తారేటి?"

"కారు తలకి పెడతాను!" అని అరిచాను.

అరవక తప్పదు. పాతికేళ్ళు రాగి మీద సుత్తి మోగించిన అప్పలసూరికి చెముడు. రాగి సాగింది, చెవి సాగలేదు. మేమిద్దరం నింపాదిగా కుశలప్రశ్నలు వేసుకుంటుంటే దారినపోయేవాళ్ళు దెబ్బలాటనుకుని విడదీయడానికి వచ్చేవాళ్ళు.

కారు తల అన్న మాట హాస్యానికి అన్నది కాదు. ఇంజనుకి తల వేరు, మొండెం వేరు. రెంటి మధ్యా ఒక పల్చటి రేకు ఉంటుంది. ఆ రేకు మందంగా ఉండాలని నేను కనిపెట్టాను. ఎందుకు ఉండాలో చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి.

కారు నాది కాదు. మా నాన్న కొలువు చేసిన చిన్న జమీలో చినదొరగారిది. జమీలు పోయాక ఆయన మద్రాసు వెళ్ళిపోతూ, "పంతులూ, దీన్ని నీ సావిట్లో పడుండనీ" అని తోయించేసి వెళ్ళారు. పడుండమన్న కారు పడే ఉంది. ఇంగ్లీషు కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు. పరుగుపందాల కోసం పుట్టిందంటారుగాని, సాలూరు ఘాటీ కొండదారి దగ్గరికొచ్చేసరికి దాని పౌరుషమంతా చల్లారిపోయేది. చినదొరగారి కాలంలో కూడా అది ఘాటీ ఎక్కిందంటే ముందు రెండెడ్లు కట్టి లాగాల్సిందే.

మా ఆవిడ కామేశ్వరి పోయాక ఇంటికి వచ్చేపోయే చుట్టాలు తగ్గారు. కొన్నాళ్ళకి వచ్చేవాళ్ళు పోయి, పోయేవాళ్ళే మిగిలారు. ఒకరోజు సావిట్లో కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఎవరూ నా వారు కారు. నాకున్నది ఒక కారు. దాని మూతి తెరిచాను.

మామూలు ఇంజను మనలాగే ఊపిరి పీల్చుకుంటుంది. ఎంత పీల్చగలిగితే అంతే బలం. కొండెక్కేటప్పుడు ఆయాసం. ఈ ఆయాసానికి మందు గరివిడిలో తుక్కు ఇనుము కొట్టులో దొరికింది. అక్కడి మాంగనీసు గనుల్లో పాడైపోయిన డీజిల్ జనరేటరు ఒకటి ముక్కలై పడుంది. అందులో నత్తగుల్లలా చుట్టుకున్న పోతయినుప బుర్ర ఒకటి కనిపించింది. లోపల ఒకే ఇరుసుకి రెండు చక్రాలు. ఇంజను వదిలిన పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే రెండో చక్రం బయటిగాలిని లాక్కొచ్చి ఇంజను గొంతులో కుక్కుతుంది. అంటే తాను విడిచిన ఊపిరే తనకి మళ్ళీ ఊపిరి పోస్తుందన్నమాట. ఇంగ్లీషు పత్రికలో దాన్ని టర్బో అన్నారు. నేను శంఖం అన్నాను. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు గదా! శంఖంలోంచి వస్తేగాని నా కారుకి గాలి గాలి కాదు.

అంత గాలి కుక్కితే సిలిండర్లలో నొక్కుడు మితిమీరుతుంది. అందుకని తలకీ మొండేనికీ మధ్య దళసరి రాగిరేకు వేసి, లోపల కాస్త చోటు పెంచాలి. అదీ కాగు కథ.

అప్పలసూరి రెండు రోజులు కొట్టి కాగుని పలక చేశాడు. నేను దాని మీద ఇంజను మూతులు గీసి, ఉలితో కత్తిరించాను. ఆఖరున కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళతొట్టిలో ముంచాం. ఉక్కుని అలా ముంచితే బిరుసెక్కుతుంది, రాగి మెత్తబడుతుంది. మనుషుల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. నేనే జాతో కామేశ్వరికి తెలుసును. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా నాకు వినిపించి ఉండదు.

ఎందుకంటే, నాకూ చెముడే. అప్పలసూరి చెముడు ఊరందరికీ తెలుసు. నాది ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు పోయారు.

ఇందులో తమాషా ఏమిటంటే నేను మృదంగం వాయించేవాణ్ణి. మా తాతతండ్రులంతా అదే పని. నా ముప్ఫై ఆరో ఏట ముందుగా పిచికలు పోయాయి. తరవాత గాజుల చప్పుడు పోయింది, తంబుర పోయింది, ఆ తరవాత మనుషుల మాటల్లో సగం సగం అక్షరాలు రాలిపోవడం మొదలెట్టాయి. మాట వినపడనివాడికి ఒకటే ఉపాయం: ఎదటివాడికి మాటాడే సందు ఇవ్వకపోవడం. నేను గొంతు పెంచాను. మాట కనపడితే చాలు, విరిచాను, మెలిపెట్టాను, తిరగేశాను. జనం నవ్వుతూ ఉంటే వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పే పనుండదు. "భావనారాయణ నోరు తెరిస్తే నవ్వే" అన్నారు. చెవి మూసుకుపోయిందని ఎవరూ అనలేదు. ఇంటికొచ్చి కూర్చుంటే మాత్రం నవ్వేవాళ్ళు లేరు. గోడలకి చెవులుంటాయంటారు, నోళ్ళు ఉండవు.

నా మృదంగం అంతా మా బావ కూర్మనాథం వయొలిన్ పక్కనే. అతను మా మేనమామ కొడుకు, కామేశ్వరి అన్నగారు. పదకొండో ఏటి నుంచి మేము జతగా వాయించాం. కామేశ్వరి పోయాక వచ్చిన శ్రీరామనవమికి శ్రీకాకుళంలో పందిరి కచేరీ. ఆవిడ లేకుండా అదే మొదటి కచేరీ. కీర్తనలు రెండు అయ్యాయి. బావ మైకులో ఏదో అన్నాడు. కమాను ఎత్తాడు. నేను ఆదితాళం అందుకున్నాను. జనం ముందుకి వంగి చూస్తున్నారు. బావ నావైపు చూశాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంకాస్త గట్టిగా వాయించాను. మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ గట్టిగా వాయించాను. ఎవడో నవ్వాడు. పందిరంతా నవ్వింది. అప్పటికి నాకు తెలిసింది, బావ వాయిస్తున్నది కీర్తన కాదు, శ్లోకం. శ్లోకానికి తాళం ఉండదు. మృదంగం చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

వినపడలేదు అనొచ్చు. అనలేదు. మైకు దగ్గరికి వంగి, "మా బావ రాగాలు పట్టుకుని ఊళ్ళంట తిరిగేస్తున్నాడని తాళం వేశాను" అన్నాను. పందిరి కూలేటంత నవ్వు. బావ వయొలిన్‌ని పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, మెట్లు దిగిపోయాడు. అది కామేశ్వరి రోజూ దీపం పెట్టి చదువుకునే శ్లోకమట. మైకులో అతనన్నది "ఇది మా చెల్లెలి కోసం" అనట. ఇదంతా మర్నాడు ఇంకొకరు చెబితే, రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

ఆనాటి నుంచి బావ గజపతినగరంలో, నేను విజయనగరంలో. నడుమ పదహారు మైళ్ళు, మూడేళ్ళు. మృదంగం అటక మీద పెట్టేశాను. చేతులు మాత్రం ఊరుకోవు కదా.

ఆ చేతులకి ఇంజను పని కుదిరింది. వాల్వుల మొహాలకి నూరుడుపిండి రాసి, కర్రకి అతికించి, రెండరచేతుల మధ్యా కవ్వంలా తిప్పితే చాలు, అవి పీటల్లో ఎలా కూర్చున్నాయో వేళ్ళకే తెలుస్తుంది. కొత్త రింగులు వేశాను. ఇరుసు బేరింగులు పోతపోయించి గీకాను. శంఖానికి నూనె వెళ్ళే రాగిగొట్టం, తిరిగొచ్చే గొట్టం అతికాను. జంట కార్బురేటర్లలో ఒకదాన్ని పీకేసి, రెండోదాన్ని శంఖం మూతికి తగిలించాను. కారు బురదే తప్ప నీకు కార్బురేటరు ఏం తెలుసురా అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. నవ్వాను కూడా. సావిట్లో నాకు నేను జోకులు చెప్పుకుంటూ, నేనే నవ్వుకుంటూ, మధ్యాహ్నం గంజన్నం తింటూ ఏడాది గడిపాను. మరొకడు చూస్తే పిచ్చన్నా అనేవాడు, లేదా టిక్కెట్టైనా కొనేవాడు.

ఇంజను తిరిగిన రోజున సాక్షి అప్పలసూరి ఒక్కడే. లోపల బేరింగులు ఎలా పాడుతున్నాయో వినాలని పొడుగు స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, కర్రపిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాను. చెవిలో దూరని చప్పుడు దవడ ఎముకల్లోంచి దూరుతుంది. అది నా రహస్య విద్య.

అప్పలసూరి దగ్గరికొచ్చి నా మొహంలో మొహం పెట్టి అరిచాడు.

"ఏటి బాబూ, కొరకతన్నారు?"

నాకు నవ్వాగలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దేన్ని కొరుకుతున్నావని అడిగాడని సామెత. ఇక్కడ శంఖం ఉంది, చెవిటివాళ్ళు ఇద్దరున్నారు. సామెత కన్నా మేము ఒకాకు ఎక్కువే చదివాం. కాని అప్పలసూరి నవ్వలేదు. నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని తనూ కరిచి, కాసేపు ఆలకించి, పిడి తుడిచి ఇచ్చేశాడు.

"పళ్ళతో ఇంటన్నారు. నేనూ బిందె అతుకు ఇలాగే సూత్తాను. మీకూ సెవుడేనేటి?"

"ఊరుకో, ఎవరైనా వింటారు!"

"ఎవులింటారు బాబూ? ఉన్నది మనిద్దరం. ఇద్దరికీ ఇనపడదు."

నేను ఇంజను ఆపాను. అప్పలసూరి గడప మీద కూర్చున్నాడు.

"నాది పన్జేసి తెచ్చుకున్న సెవుడు. సేతికి కాయ కాసినట్టు సెవికీ కాసింది. సిగ్గేటి? మీదీ అంతే కదా, ఎన్నేళ్ళు వాయించినారు!"

"నీకు చెవి పోయినా బిందె వస్తుంది. నాకు చెవి పోయిందంటే కచేరీ రాదు."

"ఇప్పుడొత్తన్నాదేటి?" అన్నాడు.

వారం తరవాత కారుని రోడ్డెక్కించాను. గజపతినగరం రోడ్డే ఎంచుకున్నాను. బావ గుమ్మం ముందు ఆపి దిగుతానని కాదు. గుమ్మం ముందునుంచి వేగంగా పోతే చూస్తాడని. మనిషికి అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది?

ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు దాటగానే సీటు నా నడుముని తన్నింది. శంఖం పలుకుతోందని నడుముకి తెలిసింది. రోడ్డు పక్క చింతచెట్లు వెనక్కి పరిగెట్టాయి. బొండపల్లి దగ్గర పొలాల్లో జనం నిలబడి చేతులూపారు, నోళ్ళు తెరిచి అరిచారు. నాకింత ఆదరణ ఉన్నాదని తెలియదే అని నేనూ చెయ్యూపాను. సైకిలు మీద ఒకాయన దిగిపోయి, ఇంజను వైపు వేలు చూపించి గెంతాడు. ఆయనకి నమస్కారం పెట్టాను. ఇంకో ఫర్లాంగు వెళ్ళాక నల్లటి పొగ కమ్మింది, కారు ఆగిపోయింది. ఇంటికి ఎడ్లు కట్టి లాక్కొచ్చాను. చినదొరగారి సంప్రదాయం చెడనివ్వలేదు.

తల ఊడదీస్తే మూడో పిస్టను నెత్తిన రూపాయికాసంత చిల్లు.

దీన్ని మెకానిక్కులు నాకింగు అంటారు. కుక్కిన గాలికి వేడెక్కిపోయి పెట్రోలు వేళకి ముందే పేలుతుంది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు మొదలవగానే పెట్రోలుని అంటించే స్పార్కు వేళని కాస్త వెనక్కి తిప్పాలి. వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే బలం పోతుంది, తక్కువ తిప్పితే పిస్టను పోతుంది. పొలాల్లో జనానికి వినపడిందంటే అప్పటికే వేళ మించిపోయిందన్నమాట. శంఖం హోరులో, ఇంజను రొదలో, మొట్టమొదటి గులకరాయి కదలగానే పట్టుకునే చెవి కావాలి. నాకింగు లోకంలో అందరికీ వినిపిస్తుంది, నాకే వినిపించదు.

చినదొరగారి పెట్టెలో మిగిలింది ఒకే ఒక్క పిస్టను. ఆ కారు చెయ్యడం మానేసి పదేళ్ళయింది. ఇదీ పోతే ఇంజను తుక్కే. ఇంజను తుక్కైతే రేపు పొద్దున్న లేచి నేను చెయ్యాల్సింది ఏమిటో నాకు తెలియదు.

"ఇనీవోణ్ణి ఒకణ్ణి పక్కన కూకోబెట్టుకోండి" అన్నాడు అప్పలసూరి.

"అంత చెవి ఎవరికుంది?"

"మీ బావగారిది పాముసెవి అంటారు కదా."

"అతనికీ నాకూ మాటల్లేవు."

"మాటలు మీకెలాగూ ఇనపడవు. ఎల్లండి."

ఇంజను నిలబడాలంటే బావ చెవి కావాలి. బావ చెవి కావాలంటే నా చెవి సంగతి విప్పాలి. పిస్టను బిగించి, రాగిరేకుని మళ్ళీ కాల్చి ముంచి తొడిగి, తల దించాను. ఇంజను తల.

మాఘమాసం. పెళ్ళిబళ్ళకి దారిస్తూ, శంఖం పలకనివ్వకుండా నత్తనడకన గజపతినగరం చేరాను. బావ అరుగు మీద కూర్చుని కమానుకి గుగ్గిలం రాస్తున్నాడు. మూడేళ్ళలో జుట్టు తెల్లబడింది. లేవలేదు. పెదాలు కదిలాయి; పెదాలు చూసి మాట పోల్చుకోవడం నాకు అలవాటే.

"ఏటిలా వచ్చావు?"

నోటి చివరికి నాలుగు చమత్కారాలు వచ్చాయి. నాలుగూ మింగాను.

"బావా, నాకు చెముడు."

అతను గుగ్గిలం కింద పెట్టాడు. "ఇదింకో జోకా?"

"కాదు."

"ఎన్నాళ్ళనించి?"

"పన్నెండేళ్ళు."

"అబద్ధం. అందులో తొమ్మిదేళ్ళు నా పక్కన వాయించావు. ఒక్కనాడు నా చెయ్యి వదల్లేదు. చెవిటివాడు వాయించే వాయింపు కాదది."

లేచి, నా భుజాలు పట్టి గోడవైపు తిప్పి నిలబెట్టాడు. ఎందుకో అర్థం కాలేదు. గోడకి ఎరువుల కంపెనీ క్యాలెండరు ఉంది. మాఘ శుద్ధ దశమి. ఎవరిదో ముహూర్తం అని పెన్సిలుతో రాసి ఉంది. చాలాసేపు నిలబడ్డాను. బావ లోపలికి వెళ్ళిపోయాడేమో అనుకుని వెనక్కి తిరిగాను.

వయొలిన్ అతని భుజం మీద ఉంది. కమాను తీగెల మీద ఉంది, కదులుతోంది.

"మొదలెట్టావా?" అన్నాను.

కమాను ఆగింది. బావ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను చూసేలా మొహం ఎత్తి అడిగాడు.

"మరి ఎలా వాయించావురా?"

"మీ చెల్లెలు. ముందు వరసలో కూర్చునేది. ఒళ్ళో తాళం వేసేది. పల్లవి ఎత్తితే వేలు, ముక్తాయింపుకి పిడికిలి. నువ్వు ఆపితే అరచెయ్యి బోర్లించేది. నేను ఆవిడ చేతిని చూసి వాయించేవాణ్ణి. జనం, పెళ్ళాం మొహం మీంచి చూపు తిప్పడు వెర్రివాడు అనుకునేవారు."

"ఆవేళ పందిట్లో..."

"ముందు వరసలో ఆవిడ లేదు. నువ్వు మైకులో అన్నది వినపడలేదు. జనం పళ్ళు కనిపించాయి. ఏదో ఒకటి అనకపోతే తెలిసిపోతుందని అన్నాను. నీ శ్లోకం మీద అన్నాను. అది ఆవిడ శ్లోకమని తెలీక అన్నాను."

"నాకు చెప్పొద్దేటి?"

"చెబితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుందువా?"

బావ వయొలిన్ లోపల పెట్టి, కండువా వేసుకుని, కారు దగ్గరికి వెళ్ళి తలుపు ఎటు తెరుచుకుంటుందో వెతుక్కున్నాడు.

గులకరాళ్ళ చప్పుడు వినపడగానే నా భుజం చరవాలని దారిలో అతనికి చెప్పాను. సాలూరు దాటి ఘాటీ మొదలయ్యే చోట మా పని మొదలైంది. నేను కాలు నొక్కుతాను. శంఖం అందుకుంటుంది. బావ కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడో ఒకచోట నా భుజం మీద చరుస్తాడు. కాలు తీసేస్తాను. దిగి, మూతి తెరిచి, స్పార్కు ఇచ్చే డిస్ట్రిబ్యూటరుని వెంట్రుకవాసి తిప్పుతాను. మళ్ళీ ఎక్కుతాం. మొదటి మలుపులో మూడుసార్లు చరిచాడు. రెండో మలుపులో రెండుసార్లు. వెదురు లారీలవాళ్ళు ఆగి, మాలో ఒకడు రెండోవాణ్ణి కొట్టుకుంటూ కొండెక్కిస్తున్నాడని చూసి పోయారు. ఆరోసారి దిగినప్పుడు బావ కూడా దిగి, నా చేతి మీద చెయ్యి వేసి, "కొంచెం ముందుకి. మరీ వెనక్కి పోయావు, బొంగురుపోయింది" అన్నాడు. ముందుకి తిప్పాను.

ఆ తరవాత చరవలేదు. మలుపు వెనక మలుపు, కొండగాలి, పక్కన లోయ. సీటు వీపుని తోస్తూనే ఉంది. ఓరకంట బావ చేతినే చూస్తూ నడిపాను. అది తన మోకాలి మీదే ఉండిపోయింది. ఎడ్లు లేకుండా ఆ కారు ఘాటీ పైనున్న సుంకి చేరడం అదే మొదటిసారి.

పైన టీ దుకాణం దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. ఒక సంగతి అడగాలనిపించింది.

"శంఖం ఎలా పలుకుతోంది బావా?"

అతను నిజంగానే ఆలోచించాడు. ఏ కచేరీ గురించి అడిగినా అలాగే ఆలోచించేవాడు.

"పంచమం దగ్గర ఎత్తుకుంటాది. జారుకుంటూ పై షడ్జం దాటిపోతాది. ఆపైన స్వరాలకి మనవాళ్ళు పేర్లు పెట్టలేదు."

"బాగుందా?"

"ఛీ. కుక్క ఏడ్చినట్టుంది."

నేను నవ్వాను. బావ కూడా నవ్వాడు. కొండ మీద గాలికి అతని కండువా ఎగురుతోంది. అతని నవ్వు ఎలా ఉంటుందో నాకు జ్ఞాపకమే. ఆ జ్ఞాపకాన్ని అతని మొహం మీద పెట్టి చూసుకున్నాను.

గజపతినగరంలో అతన్ని దింపేసరికి ఎండ వాలింది. తలుపు మూసి, వెళ్ళకుండా నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట నిదానంగా, పెదాలు పూర్తిగా కదుపుతూ చెప్పాడు. ఒక్కపూటలో నేర్చేసుకున్నాడు.

"ఇప్పుడు నాకు నరసింగరావు వాయిస్తున్నాడు. శ్రీకాకుళం వాడు. బుద్ధిమంతుడు. వాణ్ణి మానిపించలేను."

"మానిపించమనలేదు."

"మానిపించినా, నిన్ను కూర్చోబెట్టలేను బావా. ముందు వరసలో చెయ్యి లేదు. ఆ పని నా వల్ల కాదు, నా రెండు చేతులకీ వయొలిన్ ఉంది."

"తెలుసు."

"ఇంటికి రా. భోజనానికి రా. కచేరీకి మాత్రం పిలవలేను."

"వస్తాను" అన్నాను. ఇంజను బాగుపడాలంటే అతని చెవి కావాలనుకున్నాను, వచ్చింది. అంతకు మించి ఏదో వస్తుందని లోపల ఎక్కడో లెక్కవేసుకున్నానని, అది రాదన్నాక తెలిసింది. బావ అరుగెక్కి, ఒకసారి చెయ్యెత్తి, లోపలికి వెళ్ళాడు.

విజయనగరం దారిలో రైలుగేటు వేసి ఉంది. గేటు దగ్గర ఒక ముసలావిడ మేకని మెడ దగ్గర పట్టుకుని నిలబడింది. మేక గిలగిల్లాడుతోంది. ఆవిడ నావైపు తిరిగి ఏదో అంది. మామూలుగా అయితే ఈపాటికి మేక మీద ఒకటి, మేకు మీద ఒకటి విసిరి ఆవిణ్ణి నవ్వించేసేవాణ్ణి.

"నాకు చెముడమ్మా. దగ్గరికొచ్చి గట్టిగా చెప్పు" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. మేకని లాక్కుంటూ వచ్చి, నా చెవి దగ్గర అరిచింది.

"బండాపీ బాబూ! మేక బెదిరిపోతన్నాది!"

"ఒక్క నిమిషం. లోపల వేడిగా ఉంది, చప్పున ఆపితే నూనె మాడిపోతుంది."

నిమిషం తిరగనిచ్చి ఆపాను. స్టీరింగు పట్టుకున్న చేతుల్లో అదురు ఆగిపోయింది. మేక కుదుటపడింది. రైలు వచ్చింది, నా అరికాళ్ళలోంచి వచ్చి అరికాళ్ళలోంచే పోయింది. ఆవిడ ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూసి మళ్ళీ ఏదో అడిగింది.

"వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

"ఒక్కలే ఎల్తన్నారేటి?" అని అరిచింది.

"ఒక్కణ్ణే" అన్నాను.

గేటు తీశారు.